రెండు పింగాణీలు, ఒకే దెబ్బ

హైదరాబాద్ తూర్పు భాగంలో, ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద హబ్సిగూడకు ఆనుకొని 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. ఆ ప్రాంతం నుంచి నాచారం పారిశ్రామికవాడ, మల్లాపూర్ మీదుగా మౌలాలి వైపు సాగితే కొద్ది కిలోమీటర్లలోనే 1971లో స్థాపితమైన అణు ఇంధన సముదాయం, జనం వాడుకలో ఎన్‌ఎఫ్‌సీ, కనిపిస్తుంది. మొదటి సంస్థ భూమి నిర్మాణాన్నీ, రాళ్ల చరిత్రనూ పరిశీలిస్తుంది. రెండోది దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనాన్ని తయారు చేస్తుంది. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ రెండు రంగాలూ ఒక ప్రశ్న దగ్గర కలుస్తాయి: కాలిన మట్టి కుటుంబానికి చెందిన గట్టి పదార్థం లోపలి నుంచే వికిరణపు దెబ్బ తింటూ ఉంటే దానికి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఎన్‌ఎఫ్‌సీలో తయారయ్యే యురేనియం డయాక్సైడ్ బిళ్ల ఒక సమాధానం చెబుతుంది. ఉప్పల్, నాచారం, మౌలాలి ప్రాంతాల కింద పరచుకున్న గ్రానైట్ రాతిలో కంటికి ఆననంత చిన్నగా దాగిన జిర్కాన్ గింజ దాదాపు దానికి విరుద్ధమైన సమాధానం చెబుతుంది.

సిరామిక్ అనే మాటకు తెలుగులో సాధారణంగా పింగాణీ అని అర్థం చెప్పుకుంటారు. ఆ మాట వినగానే టీ కప్పు, ఊరగాయ జాడీ, చేయి జారితే భళ్లున పగలడం గుర్తుకు వస్తాయి. పదార్థ శాస్త్రంలో దాని పరిధి చాలా పెద్దది. లోహ మూలకం ఆక్సిజన్, కార్బన్, నైట్రోజన్ వంటి అలోహ మూలకంతో బలమైన రసాయన బంధంతో కలిసి ఏర్పడి, అధిక వేడిని తట్టుకుంటూ, సులభంగా తుప్పు పట్టకుండా ఉండే ఘన పదార్థాలన్నీ ఈ కుటుంబంలోకే వస్తాయి. కుండ, ఇటుక ఈ కుటుంబంలోని పెద్దలైతే అల్యూమినా, సిలికాన్ కార్బైడ్, జిర్కోనియా, యురేనియం డయాక్సైడ్ వంటివి వాటి ఆధునిక వారసులు. సాగదీస్తే సాగకపోవడం, వంచితే విరగడం వీటి బలహీనత. ఎర్రగా కాలిన స్థితిలోనూ రూపం చెడకుండా నిలబడటం వీటి బలం.

ఇలాంటి పదార్థాల్లో ఎక్కువ భాగం స్ఫటికాలే. స్ఫటికంలో పరమాణువులు మగ్గం మీది పడుగుపేకల్లాగా నిర్దిష్టమైన దూరాల్లో, ఒకే అల్లిక మళ్లీ మళ్లీ వచ్చేలా అమరి ఉంటాయి. వేగంగా దూసుకొచ్చిన న్యూట్రానో, కేంద్రకం చీలినప్పుడు ఎగిరిన విచ్ఛిత్తి ముక్కో, క్షయిస్తున్న పరమాణువు వదిలిన కణమో ఈ అల్లికలోని ఒక పరమాణువును ఢీకొన్నప్పుడు అది తన చోటు నుంచి ఎగిరిపోయి, దారిలో మరికొన్నిటిని తోసి, చివరికి రెండు వరుసల నడుమ చోటుకాని చోట ఇరుక్కుంటుంది. అది వదిలివెళ్లిన స్థానాన్ని ఖాళీ అనీ, ఇరుక్కున్న పరమాణువును చొరబాటు అనీ అనుకుంటే, వికిరణపు దెబ్బ అంటే ఇలాంటి జంటలు లెక్కకు మిక్కిలిగా పుట్టడమే. ఈ సంగతిని రియాక్టర్లు పుట్టిన తొలి రోజుల్లోనే, 1942లో, భౌతిక శాస్త్రవేత్త యూజీన్ విగ్నర్ ఊహించి హెచ్చరించాడు. రియాక్టర్‌లోని గ్రాఫైట్ దిమ్మెల్లో ఈ జంటల రూపంలో పేరుకున్న శక్తిని వేడి చేసి నెమ్మదిగా వదిలించే ప్రయత్నమే 1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్ రియాక్టర్‌లో అగ్ని ప్రమాదానికి దారి తీసింది. కంటికి కనబడని ఖాళీలూ చొరబాట్లూ కలిసి ఎంత పని చేయగలవో ప్రపంచానికి తెలిసిన సందర్భం అది.

అణు ఇంధనం సిరామిక్ రూపంలోనే ఎందుకుండాలన్న సందేహం సహజం. యురేనియం లోహంలో పరమాణువులు మరింత దగ్గరగా కిక్కిరిసి ఉంటాయి, అది వేడిని బాగా ప్రసరింపజేస్తుంది. ఆ లెక్కన అదే మంచి ఇంధనమని అనిపిస్తుంది. అయితే ఆ లోహం 668 డిగ్రీల సెల్సియస్ దగ్గరే తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకుంటుంది, 1132 డిగ్రీలకు కరిగిపోతుంది, వేడి నీటితో సులభంగా చర్య జరుపుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వికిరణంలో ఒక దిక్కున సాగుతూ మరో దిక్కున కుంచించుకుపోతూ వికారంగా ఉబ్బుతుంది. అదే యురేనియం ఆక్సిజన్‌తో కలిసి డయాక్సైడ్ అయినప్పుడు సుమారు 2850 డిగ్రీల వరకు కరగదు, మధ్యలో నిర్మాణం మార్చుకోదు, నీటితో జగడం పెట్టుకోదు. వేడిని సరిగా ప్రసరింపజేయకపోవడం దాని లోపం. ఆ ఒక్క లోపాన్ని భరిస్తూ మిగిలిన గుణాల కోసం ప్రపంచంలోని విద్యుత్ రియాక్టర్లలో అత్యధికం ఈ నల్లని సిరామిక్‌నే ఎంచుకున్నాయి.

ఎన్‌ఎఫ్‌సీలో ఈ బిళ్ల పుట్టే క్రమం కుమ్మరి పనికి దూరపు చుట్టం లాంటిది. గని దగ్గరి కర్మాగారంలో ఖనిజం నుంచి తీసిన ఎల్లో కేక్ అనే ముడి యురేనియం సమ్మేళనం ఇక్కడికి చేరుతుంది. దానిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, యురేనియాన్ని మాత్రమే తనలోకి లాక్కునే సేంద్రియ ద్రావణితో శుద్ధి చేసి, అమ్మోనియాతో అవక్షేపించి, ఆ ముద్దను వేడి చేసి ఆక్సైడ్‌గా మార్చి, హైడ్రోజన్‌లో క్షయకరణం చేస్తే నాణ్యమైన యురేనియం డయాక్సైడ్ పొడి వస్తుంది. ఆ పొడిని అచ్చుల్లో ఒత్తి చిన్న స్థూపాకారపు బిళ్లలుగా చేస్తారు. ఈ దశలో బిళ్ల పచ్చికుండ వంటిది. రూపం ఉంటుంది గానీ బలం ఉండదు. దానిని హైడ్రోజన్ నిండిన కొలిమిలో సుమారు 1700 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాలిస్తే, పొడి రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కొని, నడుమనున్న రంధ్రాలు మూసుకుపోయి, బిళ్ల కుదించుకొని గట్టిపడుతుంది. సింటరింగ్ అనే ఈ ప్రక్రియ కుమ్మరి ఆములో జరిగేదాని శుద్ధరూపమే. కాలిన బిళ్ల సాంద్రత సిద్ధాంతపరంగా సాధ్యమైన ఘనపు సెంటీమీటరుకు 10.97 గ్రాములలో 95 శాతం పైచిలుకు ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి రంధ్రాలను కావాలనే ఉంచుతారు, అవి ఎందుకన్నది తర్వాత తెలుస్తుంది.

సాన పట్టి నున్నగా చేసిన బిళ్లలను జిర్కోనియం మిశ్రలోహమైన జిర్కలాయ్‌తో చేసిన పల్చని గొట్టాల్లో వరుసగా పేర్చి, రెండు చివరలా మూతలు వెల్డింగ్ చేసి, అలాంటి 19 గొట్టాలను ఒక కట్టగా బిగిస్తే 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌కు కావలసిన ఒక ఇంధన బండిల్ తయారవుతుంది. అర మీటరు పొడవు, పదహారు కిలోలకు పైగా బరువు ఉండే ఇలాంటి బండిళ్లు అటువంటి ఒక్కో రియాక్టర్‌లో 3672 పడతాయి. 540, 700 మెగావాట్ల రియాక్టర్లకు 37 గొట్టాల బండిళ్లు వాడతారు. రావత్‌భాటా, కల్పాక్కం, నరోరా, కాక్రపార్, కైగా, తారాపూర్‌లకు ఇవి ఇక్కడి నుంచి వెళ్తాయి. ఇక్కడ గమనించదగ్గ సంగతి ఒకటుంది. సహజ యురేనియంతో చేసిన కొత్త బిళ్ల నుంచి వెలువడే వికిరణం స్వల్పం. అసలు దెబ్బ అది వందల కిలోమీటర్ల దూరంలోని రియాక్టర్‌లోకి వెళ్లాకే మొదలవుతుంది. తిరిగి వెనక్కి రాని వస్తువును, తాము ఎన్నడూ కళ్లారా చూడని దెబ్బకు ముందుగానే సిద్ధం చేసి పంపడం ఇక్కడి నిపుణుల, కార్మికుల పని. ఆ పనిలోని బాధ్యతను బయటి లోకం గుర్తించవలసినంతగా గుర్తించలేదు.

రియాక్టర్‌లో ఏం జరుగుతుందో చూస్తే ఆ దెబ్బ తీవ్రత అర్థమవుతుంది. న్యూట్రాన్ తగిలి ఒక యురేనియం కేంద్రకం చీలినప్పుడు సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి విడుదలవుతుంది, దానిలో ఎక్కువ భాగాన్ని చీలిన రెండు ముక్కలే మోసుకుపోతాయి. ఎలక్ట్రాన్ వోల్టు అనేది పరమాణువుల లోకంలో శక్తిని కొలిచే చిన్న తూకపురాయి. ఈ సిరామిక్‌లో ఒక యురేనియం పరమాణువును దాని స్థానం నుంచి కదిలించడానికి అలాంటివి 40 వరకు, ఆక్సిజన్‌ను కదిలించడానికి 20 వరకు సరిపోతాయి. ఇరవై ఎక్కడ, ఇరవై కోట్లెక్కడ? విచ్ఛిత్తి ముక్కలు ఒక్కొక్కటి మిల్లీమీటరులో వందో వంతు కూడా సాగకముందే ఆగిపోతాయి, ఆగేలోగా చుట్టూ ఉన్న లక్ష దాకా పరమాణువులను వాటి చోట్ల నుంచి వెళ్లగొడతాయి. బిళ్లలోని ప్రతి ఘనపు సెంటీమీటరులో సెకనుకు లక్షల కోట్ల విచ్ఛిత్తులు జరుగుతుంటాయి గనుక, లెక్క వేస్తే బిళ్లలోని ప్రతి పరమాణువూ సగటున ఒకటి రెండు రోజులకోసారి తన చోటు కోల్పోతుంది. ఇంధనం రియాక్టర్‌లో ఉండే ఏడాది, ఏడాదిన్నర కాలంలో ఈ వలస కొన్ని వందలసార్లు జరుగుతుంది.

ఇన్నిసార్లు చెదిరిన వస్తువు బూడిదో, గాజో, రూపం లేని ముద్దో కావాలి. యురేనియం డయాక్సైడ్ మాత్రం స్ఫటికంగానే మిగులుతుంది. దీనికి కారణం దాని లోపలి అమరికలో ఉంది. ఈ అమరికను ఫ్లోరైట్ అనే ఖనిజం పేరుతో పిలుస్తారు: ఆక్సిజన్ పరమాణువులు చిన్న చిన్న ఘనాల మూలల్లో నిలబడితే, ఆ ఘనాలలో ఒకటి విడిచి ఒకదాని నడుమ యురేనియం కూర్చుంటుంది, మిగిలిన సగం గదులు ఖాళీగానే ఉంటాయి. చోటు కోల్పోయిన పరమాణువుకు కాలు పెట్టుకోవడానికి ఆ ఖాళీ గదులు అందుబాటులో ఉంటాయి. పైగా ఇక్కడి బంధాలు ధన, రుణావేశాల ఆకర్షణ మీద ఎక్కువగా ఆధారపడినవి కావడం వల్ల ఫలానా దిక్కుకే చేయి చాచాలన్న పట్టుదల తక్కువ. దెబ్బ తగిలిన చోట సెకనులో లక్షకోట్లవ వంతు కాలం పాటు అంతా కలగాపులగమై, ఆ వెంటనే అత్యధిక పరమాణువులు ఏదో ఒక సరైన స్థానంలో తిరిగి సర్దుకుంటాయి. యురేనియం చోట యురేనియమే వచ్చి చేరితే చాలు, మునుపటి పరమాణువే రావాలన్న నియమం లేదు. అందుకే ఈ పదార్థం గట్టిదనాన్ని దెబ్బ తగలకపోవడంలో వెతకకూడదు, అది తగిలిన దెబ్బను మాన్పుకునే వేగంలో ఉంది.

అయినా మానిన ప్రతి గాయమూ మచ్చను వదులుతుంది. మిగిలిపోయిన ఖాళీలూ చొరబాట్లూ, విచ్ఛిత్తిలో పుట్టిన కొత్త మూలకాలూ స్ఫటికంలో వేడిని మోసే కంపనాలకు అడ్డు తగులుతాయి. అసలే అంతంత మాత్రమైన ఉష్ణవాహకత మరింత తగ్గుతుంది. వేలెడు మందం కూడా లేని బిళ్లలో బయటి అంచుకూ నడుమకూ మధ్య వందల డిగ్రీల తేడా ఏర్పడుతుంది, మొదటిసారి రియాక్టర్ శక్తి పెరిగినప్పుడే అది నిలువునా పగుళ్లు పడుతుంది. ఈ పగుళ్లు ఊహించినవే. ముక్కలన్నీ గొట్టం లోపలే చోటు కదలకుండా ఉంటాయి. బిళ్ల ఉబ్బినప్పుడు గొట్టాన్ని ఒరుసుకోకుండా దాని చివరను పల్లెంలాగా కొద్దిగా లోతుగా ఒత్తడం, అంచులను చెక్కడం, గొట్టం లోపలి గోడకు గ్రాఫైట్ పూత వేయడం వంటి జాగ్రత్తలు తయారీలోనే తీసుకుంటారు.

కొత్తగా పుట్టే మూలకాల కథ వేరుగా చెప్పుకోదగ్గది. విచ్ఛిత్తి ముక్కల్లో జిర్కోనియం, అరుదైన మృత్తికా లోహాల వంటివి యురేనియం స్థానాల్లో ఇమిడిపోతాయి. మాలిబ్డినం, రుథీనియం వంటివి విడిగా చేరి సూక్ష్మమైన లోహపు చుక్కలవుతాయి. ఇమడనివి జెనాన్, క్రిప్టాన్ అనే జడవాయువులు. వంద విచ్ఛిత్తులకు సుమారు ముప్పై వాయు పరమాణువులు పుడతాయి. ఎవరితోనూ బంధం పెట్టుకోని ఈ వాయువులు ఖాళీలను వెతుక్కుంటూ వెళ్లి నానోమీటర్ల సైజు బుడగలవుతాయి, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతుతో కొలవవలసినంత చిన్నవి. విచిత్రమేమిటంటే బుడగల పక్కగా దూసుకుపోయే విచ్ఛిత్తి ముక్కలే వాటిని చెదరగొట్టి వాయువును మళ్లీ స్ఫటికంలోకి నెట్టేస్తుంటాయి, అంటే దెబ్బకు కారణమైనదే కొంతమేర మందుగానూ పనిచేస్తుంది. వేడి ఎక్కువైన మధ్య భాగంలో మాత్రం బుడగలు రేణువుల సరిహద్దులకు చేరి, అక్కడ కాలువల్లా కలిసిపోయి, వాయువును గొట్టంలోకి వదిలేస్తాయి. బిళ్లలో కొద్దిపాటి రంధ్రాలను కావాలని మిగల్చడం ఈ ఉబ్బుకు ముందుగానే చోటు కల్పించడం కోసమే.

ఆ రంధ్రాల సంగతిలోనూ ప్రపంచం ఒక పాఠం నేర్వవలసి వచ్చింది. 1972లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న గినా రియాక్టర్‌లో కొన్ని ఇంధన గొట్టాలు అక్కడక్కడ నొక్కుకుపోయి కనిపించాయి. ఉబ్బవలసిన బిళ్లలు మొదట్లో కుదించుకుపోవడమే దీనికి కారణమని తేలింది: మరీ సన్నని రంధ్రాలను విచ్ఛిత్తి ముక్కలు తుడిచిపెట్టేయడంతో బిళ్లల వరుస కిందికి దిగి, పైన ఏర్పడిన ఖాళీ దగ్గర గొట్టం బయటి నీటి ఒత్తిడికి అణిగిపోయింది. అప్పటి నుంచి రంధ్రాలు ఎన్ని ఉండాలన్న దానితోపాటు ఎంత పెద్దవిగా ఉండాలన్నదీ తయారీ నియమమైంది. కొలిమి వేడి, పొడి రేణువు సైజు, కాల్చే సమయం వంటి పొడి అంకెల వెనుక ఇంత అనుభవం ఉంది.

ఇంధనాన్ని మరీ ఎక్కువ కాలం మండిస్తే బిళ్ల బయటి అంచులో మరో మార్పు కనిపిస్తుంది. సుమారు పది మైక్రాన్ల రేణువులు, అంటే మిల్లీమీటరులో వందో వంతు ఉన్నవి, విడిపోయి అంతకన్నా ముప్పై నలభై రెట్లు చిన్న రేణువులవుతాయి, వాటి నడుమ వాయు రంధ్రాలు నిండుతాయి. స్ఫటికం ఇక్కడ కూడా గాజుగా మారదు. పెద్ద అల్లికను విప్పి చిన్న అల్లికలుగా తిరిగి నేసుకుంటుంది. భారజల రియాక్టర్లలో సహజ యురేనియం టన్నుకు సుమారు 7000 మెగావాట్ రోజుల దగ్గరే బయటికి వస్తుంది కాబట్టి ఈ దశ ప్రధానంగా సుసంపన్నం చేసిన యురేనియం వాడే తేలికనీటి రియాక్టర్లకు సంబంధించినది.

రెండో పింగాణీ మనిషి చేసినది కాదు. ఉప్పల్, నాచారం చుట్టూ ఇళ్ల నడుమ మిగిలిన గుండ్రాళ్లూ, శిఖరాన దర్గా ఉన్న మౌలాలి గుట్టా దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్. దక్కను పీఠభూమి పునాది అయిన తూర్పు ధార్వాడ్ భూఖండపు భాగం. ఆ గ్రానైట్ శిలాద్రవం నుంచి గడ్డకట్టినప్పుడు దానిలో అక్కడక్కడ జిర్కాన్ అనే జిర్కోనియం సిలికేట్ గింజలు కూడా పుట్టాయి. జిర్కాన్ తన స్ఫటికంలో జిర్కోనియం స్థానంలో కొద్దిపాటి యురేనియాన్ని, థోరియాన్ని చేర్చుకుంటుంది, సీసాన్ని మాత్రం పుట్టుకలో దగ్గరకు రానివ్వదు. యురేనియం-238 క్షయిస్తూ క్షయిస్తూ చివరికి సీసం-206 అవుతుంది. సగం క్షయించడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఈ గింజలో ఎంత సీసం ఉందో, ఎంత యురేనియం మిగిలిందో కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. భూమి మీద పుట్టినవాటిలో ఇప్పటివరకు దొరికిన అతి పురాతన పదార్థం, పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో లభించిన 440 కోట్ల ఏళ్ల గింజ, ఈ జిర్కానే. రాళ్ల వయసు లెక్కగట్టే భూశాస్త్రజ్ఞులకు ఇంతకన్నా నమ్మకమైన గడియారం లేదు.

అయితే ఈ గడియారం తన ముల్లు కదిలినప్పుడల్లా తననే గాయపరచుకుంటుంది. యురేనియం-238 సీసంగా మారే దారిలో ఎనిమిది ఆల్ఫా కణాలు, అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్దలు, బయటికి వస్తాయి. ఆల్ఫా కణం తేలికైనది, మైక్రాన్ల దూరం పరుగెత్తుతుంది, దారిలో తోసేవి కొన్ని వందలు మాత్రమే. అసలు విధ్వంసం దానిని వదిలిన భారీ కేంద్రకం చేస్తుంది: తుపాకి పేలినప్పుడు మడమ వెనక్కి తన్నినట్టు అది వెనక్కి తన్నుకొని, కొన్ని పదుల నానోమీటర్ల పరిధిలోనే వేలాది పరమాణువులను చెదరగొడుతుంది. జిర్కాన్‌లో ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు బిగువైన, దిక్కు తప్పని బంధాలతో కూర్చుంటాయి. ఆ చతుర్ముఖాలు ఒకసారి విరిగితే తిరిగి పాత వరుసలో చేరడం కష్టం. గాజులో కట్టుకున్నట్టుగా ఒకదానికొకటి అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. యురేనియం డయాక్సైడ్‌లో ఉన్న సర్దుబాటు గుణం ఇక్కడ లేదు.

అలా కోట్ల ఏళ్లలో గాయాలు ఒకదాన్నొకటి కప్పుకుంటూ పోతే గింజ బయటికి స్ఫటికపు ఆకారంలోనే ఉండి లోపల గాజైపోతుంది. నార్వే ఖనిజ శాస్త్రజ్ఞుడు బ్రోగర్ 1893లో ఇలాంటి ఖనిజాలకు మెటామిక్ట్ అని పేరు పెట్టాడు. రేడియోధార్మికతను బెకరెల్ కనుగొన్నది 1896లో గనుక, కారణం ఏమిటో లోకానికి తెలియక ముందే ఫలితానికి పేరు స్థిరపడింది. శ్రీలంక కంకర నేలల్లో దొరికే జిర్కాన్లను పరిశీలించి 1955లో హాలండ్, గాట్‌ఫ్రీడ్ ఈ మార్పుకు లెక్క కట్టారు: తాజా జిర్కాన్ సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 4.7 గ్రాములైతే పూర్తిగా చెడినదానిది 4 గ్రాములకు దిగుతుంది, అంటే గింజ పరిమాణంలో ఆరో వంతుకు పైగా ఉబ్బుతుంది. ఉబ్బిన గింజ చుట్టూ ఉన్న రాతిలో వెలుగు కిరణాల్లా పగుళ్లు వ్యాపించడం సూక్ష్మదర్శినిలో చూడవచ్చు.

చెడిన భాగం గుండా నీరు చొరబడుతుంది, సీసం జారిపోతుంది, గడియారం వెనకబడి రాయిని ఉన్నదానికంటే చిన్నదిగా చూపిస్తుంది. దీనికి కనుగొన్న ఉపాయం అందమైనది. 2005లో జేమ్స్ మాటిన్సన్ వివరించిన పద్ధతిలో గింజను ముందు బాగా వేడి చేసి స్వల్పంగా దెబ్బతిన్న చోట్లను మాన్పుతారు, ఆ తర్వాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉంచుతారు. మానలేనంతగా చెడిన భాగాలు కరిగిపోయి, చెక్కుచెదరని స్ఫటికం మాత్రం మిగులుతుంది, దాని వయసు కొలుస్తారు. దెబ్బతిన్న సిరామిక్‌కూ దెబ్బ తట్టుకున్న సిరామిక్‌కూ తేడాను ఆమ్లమే వేరుచేసి చూపే సందర్భం ఇది. గ్రానైట్‌లో కూడా ఇదే పోటీ సహజంగా సాగుతుంది: రాయి భూమి లోతుల్లో వేడిగా ఉన్నంత కాలం గాయాలు మానుతూ ఉంటాయి, పైకి వచ్చి చల్లబడ్డాక పేరుకోవడం మొదలవుతుంది.

ఈ తేడా రాళ్ల వయసుకు సంబంధించిన చర్చగానే మిగిలిపోలేదు. ప్లుటోనియం వంటి దీర్ఘకాలపు అణు వ్యర్థాలను సిరామిక్‌లో బంధించి భూగర్భంలో దాచాలన్న ఆలోచన 1978లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త టెడ్ రింగ్‌వుడ్ సిన్‌రాక్ అనే కృత్రిమ శిలను ప్రతిపాదించినప్పటి నుంచి గట్టిగా వినిపిస్తోంది. కోట్ల ఏళ్లు యురేనియాన్ని పట్టుకొని కూర్చున్న జిర్కాన్ దానికి తగినదని చాలామంది భావించారు. 2007లో ఫర్నాన్, చో, వెబర్‌లు వెలువరించిన పరిశోధన ఆ ఆశ మీద నీళ్లు చల్లింది: ఒక్కో ఆల్ఫా క్షయానికి జిర్కాన్‌లో సుమారు ఐదు వేల పరమాణువులు చెదురుతాయనీ, పది శాతం ప్లుటోనియం-239 నింపిన జిర్కాన్ సుమారు 1400 ఏళ్లలోనే స్ఫటికత్వం కోల్పోతుందనీ వారు లెక్కగట్టారు. ప్లుటోనియం-239 సగం క్షయించడానికే 24,100 ఏళ్లు పడుతుంది. అది దాదాపుగా తరిగిపోవాలంటే రెండు లక్షల ఏళ్లకు మించి ఆగాలి.

మరి తట్టుకునేదేది? గాడోలినియం, టైటానియం, ఆక్సిజన్ కలిసిన పైరోక్లోర్ అనే సిరామిక్‌ను భారీ అయాన్లతో కొడితే గాజైపోతుంది. అదే పదార్థంలో టైటానియం తీసి జిర్కోనియం పెడితే ఎంత కొట్టినా స్ఫటికంగానే ఉంటుంది. లోహ పరమాణువులు ఒకదాని చోటును ఒకటి తీసుకొని, మొత్తం అమరిక ఫ్లోరైట్ రూపంలోకి జారుతుంది. నాచారం పక్కన తయారయ్యే ఇంధన బిళ్లదీ అదే రూపం. 2000 సంవత్సరంలో లాస్ అలమోస్ శాస్త్రవేత్త కర్ట్ సికాఫస్, సహచరులు దీనిని ఒక సూత్రంగా చెప్పారు: పరమాణువులు చోట్లు మార్చుకోవడానికి తక్కువ శక్తి చాలే అమరికలు వికిరణాన్ని బాగా తట్టుకుంటాయి. ప్రకృతి ఈ సూత్రానికి ఎప్పుడో సాక్ష్యం పెట్టింది. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గని ఖనిజంలో ఉండే యురానినైట్ సహజమైన యురేనియం డయాక్సైడే. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో 1972లో బయటపడిన ఓక్లో సహజ రియాక్టర్లలో అదే ఖనిజం సుమారు 200 కోట్ల ఏళ్ల కింద తనంత తానుగా విచ్ఛిత్తి గొలుసును నడిపింది. అంతటి వికిరణం తర్వాతా అది నేటికీ స్ఫటికంగానే ఉంది.

ఇతర సిరామిక్‌ల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విద్యుత్ బంధకంగా వాడే అల్యూమినాలో రేణువులు అన్ని దిక్కులా సమానంగా ఉబ్బవు గనుక ఎక్కువ న్యూట్రాన్లు తగిలితే సరిహద్దుల వెంట చిట్లుతుంది. సిలికాన్ కార్బైడ్ చల్లగా ఉన్నప్పుడు గాజయ్యే గుణం కలది, రియాక్టర్ వేడిలో మాత్రం కొద్దిగా ఉబ్బి అక్కడితో ఆగిపోతుంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో ఆవిరితో చర్య జరిపిన జిర్కలాయ్ గొట్టాలు హైడ్రోజన్‌ను పుట్టించి పేలుళ్లకు దారితీసిన తర్వాత, ఆ గొట్టాలనే సిలికాన్ కార్బైడ్‌తో చేయాలన్న పరిశోధన అనేక దేశాల్లో ఊపందుకుంది. వంగని పదార్థంతో కాగితమంత పల్చగా, వాయువు లీకు కాకుండా గొట్టం చేయడం తేలిక పని కాదు. ఆ కష్టం తీరే వరకు జిర్కలాయ్‌కు సెలవు లేదు.

ఆ జిర్కలాయ్ ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర రెండు పింగాణీల కథ ఒకటవుతుంది. ఎన్‌ఎఫ్‌సీకి చేరే రెండో ముడిసరుకు కేరళ, తమిళనాడు, ఒడిశా తీరాల ఇసుక నుంచి వేరు చేసిన జిర్కాన్. గాయాలను మాన్పుకోలేని అదే ఖనిజాన్ని ఇక్కడ రసాయనికంగా విప్పి, దానిలో రెండు శాతం వరకు కలిసి ఉండే హాఫ్నియాన్ని తొలగిస్తారు; జిర్కోనియంతో పోలిస్తే హాఫ్నియం దాదాపు ఆరు వందల రెట్లు ఎక్కువగా న్యూట్రాన్లను మింగుతుంది, సహజ యురేనియంతో నడిచే రియాక్టర్ ఆ నష్టాన్ని భరించలేదు. శుద్ధమైన ఆక్సైడ్‌ను క్లోరైడ్‌గా మార్చి, మెగ్నీషియంతో క్షయకరణం చేస్తే స్పాంజి వంటి లోహం వస్తుంది, దానిని కరిగించి గొట్టాలుగా లాగుతారు. ఇలా సిలికాన్ బంధాల నుంచి విడిపడిన జిర్కోనియం, యురేనియం డయాక్సైడ్ బిళ్లకు కవచమై రియాక్టర్‌లోకి వెళ్తుంది.

వాడిన ఇంధనాన్ని ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో మందపాటి సీసపు గాజు వెనుక, యాంత్రిక చేతులతో కోసి పరీక్షిస్తారు. పగుళ్లు, బుడగలు, రేణువుల మార్పులు అక్కడే బయటపడతాయి, అక్కడ తెలిసినవి తిరిగి హైదరాబాద్ కొలిమి నియమాల్లోకి చేరతాయి. గుట్టల్లోని గింజలకు అలాంటి ముగింపు లేదు. 250 కోట్ల ఏళ్ల కింద మౌలాలి రాతి జిర్కాన్‌లోకి చేరిన యురేనియం-238లో ఇప్పటికి క్షయించింది మూడింట ఒక వంతే. మిగతా రెండు వంతులు ఆ స్ఫటికాల్లోనే ఉన్నాయి, ఒక్కో ఆల్ఫా కణంతో ఇంకా వెనక్కి తన్నుతూనే ఉన్నాయి.